కాగితం ఉన్నప్పుడే నకలు
(మండల రైతు శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)

 

పొద్దుటి నుంచి మద్దతు ధర గురించి, పంటల బీమా గురించి విన్నారు. ఇప్పుడు మా వంతుకు 'కాగితాల భద్రత' వచ్చింది. ఆ మాట వినగానే నలుగురైదుగురు చాయ్ కోసం లేవడం చూశాం. కూర్చోండి. ఎక్కువసేపు పట్టదు. మేమంటే మా గ్రామ కమిటీలో ముగ్గురు నలుగురం. పదో తరగతి దాటి చదివినవాళ్ళం కాదు. కంప్యూటర్ ముందు కూర్చోవడానికి భయపడినవాళ్ళమే. మేం నేర్చుకున్నామంటే మీరు మాకంటే తొందరగా నేర్చుకుంటారు.

2024లో మున్నేరు వరద మీకందరికీ యాదికుంది. ఆగస్టు చివరి రాత్రి మొదలై సెప్టెంబర్ 1న ఖమ్మం ఒడ్డు కాలనీలను ముంచేసింది. నీళ్ళు తీశాక సంఘం తరఫున బియ్యం, దుప్పట్లు పట్టుకుని వెళ్ళాం. ఇళ్ళ ముందు మంచాలు వాల్చి, వాటి మీద బట్టలతో పాటు కాగితాలు ఆరబెట్టుకుంటున్నారు. పాసు పుస్తకాలు, పిల్లల మెమోలు, బ్యాంకు పుస్తకాలు. ఒక పెద్దమనిషి ఒక్కొక్క కాగితం తీసి చూపించాడు. ప్లాస్టిక్ ఆధార్ కార్డుకు ఏమీ కాలేదు. కడిగితే మళ్ళీ కొత్తదిలా ఉంది. సిరా పెన్నుతో రాసుకున్న సాదాబైనామా మాత్రం నీలం మరకల ముద్దయింది. సాక్షుల సంతకాలు లేవు, సర్వే నంబరు లేదు, అమ్మినాయన వేలిముద్ర లేదు.

చూడండి ఎంత విచిత్రమో. పోయినా మళ్ళీ తెచ్చుకోగలిగిన కార్డు మిగిలింది. మళ్ళీ ఎక్కడా దొరకని కాగితం పోయింది. ఆరోజు నుంచి మేం ఊళ్ళల్లో ఒకటే చెబుతున్నాం: మీ సందుగలోని కాగితాలను రెండు కుప్పలు చేయండి. ఒకటి, పోతే ప్రభుత్వం మళ్ళీ ఇచ్చేవి. రెండోది, పోతే ఎవరూ ఇవ్వనివి. మీ భద్రత రెండో కుప్పతో మొదలుకావాలి.

మొదటి కుప్పలో ఏమున్నాయి? ఆధార్, రేషన్ కార్డు, ఓటరు కార్డు, పదో తరగతి మెమో, పట్టాదారు పాసు పుస్తకం. తిరగాలి, రుసుం కట్టాలి, ఒక పని దినం పోతుంది. కానీ వస్తాయి. రిజిస్టర్డ్ దస్తావేజు పోతే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి ధ్రువీకరించిన నకలు తెచ్చుకోవచ్చు. 1954-55 ఖాస్రా పహాణీ లాంటి పాత రికార్డు నకలు తహసీల్దార్ కార్యాలయంలో అడగొచ్చు. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టొచ్చు. అయితే దస్తావేజు నంబరు, సంవత్సరం, సర్వే నంబరు తెలిస్తేనే వెతకడం సులువు. ఆ నంబర్లు తెలియాలంటే మళ్ళీ నకలే కావాలి.

రెండో కుప్పలో తెల్ల కాగితం మీద రాసుకున్న సాదాబైనామా ఉంటుంది. అన్నదమ్ములు పెద్దమనుషుల ముందు రాసుకున్న పంపకాల కాగితం ఉంటుంది. కౌలు ఒప్పందం, ప్రామిసరీ నోటు, అప్పు తీర్చినప్పుడు షావుకారు రాసిచ్చిన చెల్లు చీటీ, విత్తనాల బిల్లు, పురుగుమందు బిల్లు ఉంటాయి. వీటికి ఏ కార్యాలయంలోనూ రెండో ప్రతి ఉండదు. మీ సందుగే వాటికి రికార్డు గది.

సాదాబైనామా విషయమే తీసుకుందాం. 2020లో దరఖాస్తులు పిలిస్తే సుమారు 9 లక్షలు వచ్చాయి. ఇన్నేళ్ళూ అవి నానాయి. 2025లో వచ్చిన భూభారతి చట్టం 2014 జూన్ 2కు ముందు కొని, 12 ఏళ్ళుగా సాగులో ఉండి, 2020 అక్టోబర్ 12 నుంచి నవంబర్ 10 మధ్య దరఖాస్తు చేసుకున్న చిన్న, సన్నకారు రైతుల గురించి మాట్లాడుతోంది. అంటే ముప్పై ఏళ్ళ కిందటి తెల్ల కాగితమూ కావాలి, ఆ నెలలో మీసేవలో ఇచ్చిన రసీదూ కావాలి. ఎంతమంది దగ్గర ఆ రసీదు ఉందో చేతులెత్తండి అని మా ఊళ్ళో అడిగితే, సగం చేతులు లేవలేదు. ఉన్నవాళ్ళలో కొందరి రసీదు మీద అక్షరాలు మాసిపోయాయి.

ఇంకో మాట. చిన్న యంత్రం నుంచి వచ్చే నున్నటి రసీదు చూశారుగా, ఎరువుల దుకాణంలో వేలు పెట్టించుకుని ఇచ్చేది. అది సిరాతో అచ్చయ్యేది కాదు, వేడితో నల్లబడే కాగితం. ఎండ తగిలినా, ప్లాస్టిక్ కవరులో నొక్కుకున్నా కొన్నాళ్ళకు తెల్లబడుతుంది. మీరు జూన్‌లో కొన్న విత్తనం కాయ పట్టలేదని తెలిసేది అక్టోబర్, నవంబర్‌లో. అప్పటికి బిల్లు మీద ఏమీ కనపడకపోతే? విత్తనాల కేసులో రైతు కూడా వినియోగదారుడేనని 2012లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. జిల్లా వినియోగదారుల కమిషన్ తలుపు మనకు తెరిచే ఉంది. కానీ ఆ తలుపు దగ్గర అడిగేది బిల్లు, లాట్ నంబరు ఉన్న ఖాళీ ప్యాకెట్. కాబట్టి విత్తనం కొన్న రోజు సాయంత్రమే బిల్లుకు, ప్యాకెట్ రెండు వైపులా ఫోటో తీయండి. విత్తాక ప్యాకెట్‌ను గట్టు మీద పారేయకండి.

ఇక మేం చేసిన తప్పు చెబుతాం. దాచుకోవడం ఎందుకు? మూడేళ్ళ కిందట మా ఊరి మిర్చి రైతుల నారు నష్టం కేసు కోసం బిల్లులన్నీ సేకరించాం. సంఘం కార్యాలయంలోని పాత కంప్యూటర్‌లో ఎక్కించాం. తెలివిగా ఒక హార్డ్ డిస్క్‌లో కూడా వేశాం. రెండు నకళ్ళు ఉన్నాయి కదా అని నిశ్చింతగా ఉన్నాం. ఆ హార్డ్ డిస్క్‌ను కంప్యూటర్‌కే తగిలించి వదిలేశాం. మే నెలలో గాలిదుమారం, పిడుగు. కరెంటు తీగల వెంట వచ్చిన దెబ్బకు రెండూ ఒకేసారి పోయాయి. మళ్ళీ ఇంటింటికీ తిరిగాం. కొందరికి బిల్లు దొరకలేదు. వాళ్ళు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అనకపోవడమే మాకు ఎక్కువ బాధ.

ఒకే బల్ల మీద ఉన్న రెండు నకళ్ళు ఒక్క నకలుతో సమానం. మన తాతలకు ఈ సంగతి తెలుసు. విత్తనాలు మొత్తం ఒకే గుమ్మిలో పోసేవాళ్ళు కాదు, కొంత బంధువుల ఇంట్లో ఉంచేవాళ్ళు. మనమూ అదే చేద్దాం. అసలు కాగితం కాక రెండు నకళ్ళు. ఒకటి మన ఇంట్లో, ఇంకోటి వేరే ఊళ్ళో.

ఖర్చు ఎంత? 32 జీబీ పెన్ డ్రైవ్‌లు రెండింటికి పెట్టే డబ్బే. ఒక కాగితం ఫోటో మహా అయితే కొన్ని ఎంబీలు ఉంటుంది. మీ ఇంటి కాగితాలన్నీ కలిపి మూడు వందలున్నా, అందులో మూల కూడా నిండదు. ఫోన్‌కు నేరుగా తగిలించుకునే రెండు మూతుల పెన్ డ్రైవ్ కొనండి, కంప్యూటర్ లేకపోయినా పని జరుగుతుంది. సంతలో చాలా తక్కువ ధరకు పెద్ద సైజు అని అమ్మేవి కొనకండి. వాటిలో చాలావరకు నకిలీవి. ఎక్కినట్టు చూపించి తర్వాత తెరుచుకోవు. నకిలీ విత్తనం లాంటివే అవి. బిల్లు ఇచ్చే దుకాణంలో కొనండి.

ఫోటో తీయడం ఎలా? మధ్యాహ్నం ముందు, వసారాలో నీడ వెలుతురులో నల్లటి దుప్పటి పరిచి, కాగితాన్ని దాని మీద చదునుగా పెట్టండి. నాలుగు మూలలూ కనపడాలి. మీ నీడ పడకూడదు. తీసిన తర్వాత వేళ్ళతో పెద్దది చేసి సర్వే నంబరు, తేదీ, ముద్ర చదవండి. చదవలేకపోతే మళ్ళీ తీయండి. కాగితం వెనక వైపు మరవకండి. స్టాంపు కాగితం ఎవరి పేరున కొన్నారు, ఎవరు అమ్మారు అనేది వెనకే ఉండొచ్చు. పాసు పుస్తకం ప్రతి పేజీ తీయాలి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది, తప్పనిసరైతే డాక్యుమెంట్‌గా పంపండి.

పేరు పెట్టడం ముఖ్యం. ఫోన్ పెట్టిన నంబర్లతో వదిలేస్తే, అవసరమైన రోజు ఎనిమిది వందల ఫోటోల్లో, మనవడి పుట్టినరోజు ఫోటోల మధ్య వెతుక్కోవాలి. నాలుగు సంచులు చేయండి: భూమి, అప్పులు, పంట, కుటుంబం. లోపల ముందు సంవత్సరం, తర్వాత విషయం. '2025 వానాకాలం పత్తి విత్తన బిల్లు'. '1996 సాదాబైనామా ముందు వైపు'. ఇలా రాస్తే సంవత్సరాల వారీగా వాటంతటవే వరుసలో నిలబడతాయి.

ఇప్పుడు జాగ్రత్త మాట. నకలు పెరిగిన కొద్దీ దొంగకు కూడా దారులు పెరుగుతాయి. 2018లో మన తెలంగాణలోనే, పెద్దపల్లి జిల్లాలో, రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు తయారుచేసి సిమ్ కార్డులు యాక్టివేట్ చేసిన కేసు బయటపడింది. ఆధార్‌తో, వేలిముద్రతో ఖాతాల్లో డబ్బు తీసుకునే ఈ రోజుల్లో, వేలిముద్ర ఉన్న కాగితం ఫోటో అంటే ఇంటి తాళం చెవి ఫోటో లాంటిది. మనం ఏం చేస్తున్నాం? జిరాక్స్ దుకాణం కంప్యూటర్‌కు ఆధార్ పంపి, ప్రింట్ తీసుకుని, దాన్ని అక్కడే వదిలి వస్తున్నాం. 'తమ్మీ, మా ఫైలు తీసెయ్' అని అడగండి. తీసేదాకా నిలబడండి. నంబరు మొత్తం అవసరం లేని చోట మొదటి ఎనిమిది అంకెలు కనపడని ఆధార్ ఇవ్వండి, అది ఉడాయ్ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. వేలిముద్రలకు తాళం వేసే సౌకర్యం కూడా అక్కడ ఉంది. కాకపోతే తాళం వేస్తే రేషన్ దుకాణంలో వేలు పడదు, పోయే ముందు తెరవాలి. ఎవరైనా మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

పెన్ డ్రైవ్‌కు కూడా తాళం వేయాలి. కంప్యూటర్‌లో సెవెన్ జిప్ అని ఉచిత ప్రోగ్రాం ఉంది, ఫోన్‌లో జడ్ ఆర్కైవర్ ఉంది. సంచిని మొత్తం ఒక మూటగా కట్టి పాస్‌వర్డ్ పెడతాయి. మూట కట్టేటప్పుడు ఫైళ్ళ పేర్లు కూడా దాచమనే గడి ఉంటుంది, దానికి టిక్కు పెట్టండి. పాస్‌వర్డ్‌గా ఫోన్ నంబరు, పుట్టిన సంవత్సరం, సర్వే నంబరు వద్దు, అవి ఆ కాగితాల మీదే ఉంటాయి. సంబంధం లేని నాలుగైదు మాటలు కలపండి. మీ ఇంట్లో వాళ్ళకు తప్ప ఇంకెవరికీ తట్టనివి. మూట సరిగ్గా తెరుచుకుంటోందని చూసుకున్నాకే ఫోన్ గ్యాలరీలో ఉన్నవి తీసేయండి. చెత్తబుట్టలోంచి కూడా తీసేయండి.

పెన్ డ్రైవ్ ఒకటి ఇంట్లో. రెండోది ఇంకో ఊళ్ళో ఉన్న ఆడబిడ్డ ఇంట్లోనో, తమ్ముడి ఇంట్లోనో. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి, కవరులో అంటించి, పెన్ డ్రైవ్ లేని చోట పెట్టండి. తాళం ఒక చోట, చెవి ఒక చోట. ఒకటి దొంగ చేతికి చిక్కినా రెండోది లేకుండా పని జరగదు.

ఇక్కడ అక్కలు, చెల్లెళ్ళు గట్టిగా వినాలి. మా కమిటీలో మాతో పదేళ్ళు తిరిగిన ఒక మిత్రుడు గుండెపోటుతో పోయాడు. అందరికంటే ముందు ఫోన్ నేర్చుకున్నవాడు ఆయనే. ఊళ్ళో అందరి కాగితాలకు ఫోటోలు తీసిపెట్టేవాడు. తనవి కూడా చక్కగా దాచుకున్నాడు. ఫోన్‌కు ఒక గీత తాళం, లోపల మూటకు ఇంకో తాళం. రెండూ ఆయనతోనే పోయాయి. రైతు బీమా కింద రావలసిన 5 లక్షల కోసం కాగితాలు అడిగితే, ఆయన భార్య ఆ ఫోన్‌ను చేతిలో పట్టుకుని మా దగ్గరికి వచ్చింది. 'ఇందులోనే ఉన్నయన్నా, నాకు చూపించిండు' అంది. మేం తెరవలేకపోయాం. చివరికి ఒక్కొక్కటి కార్యాలయాల నుంచి తెప్పించాం. పాసు పుస్తకం వచ్చింది, ఆధార్ వచ్చింది, బీమా వచ్చింది. బావమరిదికి అప్పు తీర్చినట్టు రాయించుకున్న చీటీ మాత్రం దొరకలేదు. ఆ అప్పు ఆమె రెండోసారి కట్టింది.

ఒక్క మనిషికే తెలిసిన తాళం తాళం కాదు, పాతిపెట్టడం. ఇంట్లో ఇద్దరికి తెలియాలి. ఆ ఇద్దరిలో ఒకరు ఆడమనిషి కావాలి. భూమి ఎవరి పేరున ఉన్నా సరే, కాగితాలు ఎక్కడున్నాయో, ఎలా తెరవాలో భార్యకు తెలియకపోతే ఆ ఇంట్లో నకలు లేనట్టే. ఈరోజు ఇంటికి వెళ్ళాక మీ ఆయనను అడగండి. చెప్పకపోతే మమ్మల్ని పిలవండి, మేం వచ్చి అడుగుతాం.

అసలు కాగితాల సంగతి కూడా నాలుగు మాటల్లో. పాత సాదాబైనామాకు, స్టాంపు కాగితానికి లామినేషన్ చేయించకండి. వేడికి సిరా చెదురుతుంది. తర్వాత తీయబోతే కాగితం చిరుగుతుంది, సంతకం పరీక్షించడం కూడా కష్టమవుతుంది. మడతలు తీసి, ఒక్కొక్కటి విడి కవరులో వేసి, రేకు డబ్బాలో, గోడకు తగలకుండా, నేలకు ఎత్తుగా పెట్టండి. చెద కింది నుంచే వస్తుంది. తడిస్తే ఎండలో వేయకండి, ఇస్త్రీ పెట్టకండి. పాత పేపర్ల మధ్య పెట్టి నీడలో ఆరనివ్వండి. అసలు ఉంటే దాని బలం దానిదే. ఫోటో అసలుకు బదులు కాదు. అసలు పోయినప్పుడు కోర్టులో నకలు సాక్ష్యంగా పెట్టే దారి ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం ప్రకారం ఫోన్‌లోని ఫోటో పెట్టాలంటే సెక్షన్ 63 ధ్రువపత్రం జతచేయాలి. అందుకే ఏ ఫోన్‌తో, ఏ తేదీన, ఎవరు తీశారో ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. మిగతాది వకీలు చూసుకుంటాడు.

చివరిగా ఒక అలవాటు. పెన్ డ్రైవ్‌ను ఏళ్ళ తరబడి అలాగే పడేస్తే అందులోనివి చెడిపోవచ్చు. ఏడాదికి రెండుసార్లు తీయండి. ఉగాదికి ఒకసారి. దసరాకు ఇంకోసారి. దసరాకు నాగలికి, ట్రాక్టర్‌కు, కొడవలికి పూజ చేస్తాం కదా, పెన్ డ్రైవ్‌కు కూడా బొట్టు పెట్టండి. కానీ ముందు తగిలించి తెరవండి. పది కాగితాలు తెరిచి చదవండి. కొత్తవి చేర్చండి. తెరిచి చూడని నకలును నమ్ముకోవడం, మొలక పరీక్ష చేయని విత్తనాన్ని చల్లడం ఒక్కటే.

కొందరు మమ్మల్ని అడుగుతారు: 'రికార్డు కాపాడటం ప్రభుత్వం పని కదన్నా, మేమెందుకు మోయాలి?' సరైన ప్రశ్న. 1980లలో పటేల్ పట్వారీ వ్యవస్థ పోయింది. 2020 సెప్టెంబర్‌లో వీఆర్వోల నుంచి రికార్డులు తీసుకున్నారు, ఆ వ్యవస్థా పోయింది. ధరణి వచ్చింది, భూభారతి వచ్చింది. రికార్డు ఎన్ని చేతులు మారినా, తప్పు దొర్లితే రుజువు చూపించమనేది మాత్రం రైతునే. కౌలు రైతుకైతే పాసు పుస్తకమే లేదు, రైతు బీమా లేదు. తాను సాగు చేశానని చూపించుకోవడానికి ఎరువుల బిల్లే ఆధారం. ఇది అన్యాయం. రుజువు భారం ప్రభుత్వం మోయాలని, పాత పహాణీలు ప్రతి గ్రామంలో ఉచితంగా అందుబాటులో ఉంచాలని, కౌలు రైతుకు గుర్తింపు ఇవ్వాలని సంఘం కొట్లాడుతుంది. కొట్లాడే రోజు చేతిలో కాగితం ఉంటేనే మన మాట నిలబడుతుంది. ధర్నాకు జెండా ఎంత అవసరమో, కార్యాలయం లోపలికి వెళ్ళినప్పుడు ఆ కాగితం అంతే అవసరం.

మా గ్రామ కమిటీ ఒక నిర్ణయం చేసింది, మీ ఊళ్ళల్లో కూడా చేయండి. నెలకు ఒక ఆదివారం, చదువుకున్న ఇద్దరు పిల్లలు, ఒక పాత ల్యాప్‌టాప్, ఒక నల్ల దుప్పటి. ఎవరి కాగితాలు వాళ్ళే పట్టుకుని వస్తారు, వాళ్ళ ముందే ఫోటో తీసి, వాళ్ళ పెన్ డ్రైవ్‌లోనే వేసి, వాళ్ళ పాస్‌వర్డ్ వాళ్ళే కొట్టుకుంటారు. సంఘం కంప్యూటర్‌లో ఎవరిదీ ఉంచం. పిడుగు మాకు ఆ పాఠం నేర్పింది. మొదటి రోజు పదకొండు కుటుంబాలు వచ్చాయి. ఒక ముసలమ్మ సాదాబైనామా తీసుకొచ్చి, ఫోటో చూసి, 'ఇగ ఇది చిరిగినా నా భూమి చిరగదు గదా బిడ్డా' అంది.

అలా అని మేం మాట ఇవ్వలేకపోయాం. చిరగకుండా చూసుకో అమ్మా, చిరిగితే కొట్లాడటానికి ఇది ఉంది అన్నాం. మీకు కూడా అదే మాట చెబుతున్నాం. ఈరోజు ఇంటికి వెళ్ళి అన్నం తినే ముందు సందుగ తెరవండి. రెండు కుప్పలు చేయండి. రెండో కుప్పలో పైనున్న కాగితానికి ఒక్క ఫోటో తీయండి. మిగతావి రేపు.